నడుము వాల్చు భాగ్యము

అర్ధరాత్రి దాటిన పిమ్మట దుబాయినుండి న్యూయార్కునకు బయలుదేరు విమానము ఇంచుమించు 14 గంటలపాటు నేలను తాకక పయనించి, 11,000 కిలోమీటర్ల దూరమును గడచి, అక్కడి గడియారములు ఇంకను ఉదయమునే చూపుచుండగా దిగును. భూమధ్యరేఖయొద్ద గంటకు 1,670 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు తిరుగుచుండు భూతలము 60వ అక్షాంశమునొద్ద అందులో సగము వేగముతోనే తిరుగును గనుకను, గంటకు 900 కిలోమీటర్ల వేగముతో పడమరకు పోవు విమానము ఉత్తరదిశకు వంగి ఆ అక్షాంశముల చేరువనే సాగును గనుకను, శీతకాలమందు ఆ మార్గమున ఉషస్సు వెంట తరుముచు వచ్చియు విమానమును గంటల తరబడి అందుకొనజాలదు. నాలుగు జాములతో ముగియవలసిన రాత్రి ఐదవ జామునకు సాగును. అంత దీర్ఘమైన రాత్రిని మనుష్యుడు ఎట్లు గడపవలెను? కూర్చుండియా, పరుండియా?

ఫస్ట్ క్లాసు ప్రయాణమును వర్ణించువారు సాధారణముగ షాంపేనుతోడను, చేపగుడ్ల కేవియరుతోడను మొదలిడుదురు. అవన్నియు ఉన్నమాట సత్యమే. కాని అవి నేలపైనను, ఇంతకంటె చౌకగను, ఇంతకంటె రుచిగను లభించు వస్తువులు. నేలపై ప్రతి పేదవాడును చాపపైననో నులకమంచముపైననో ఉచితముగ అనుభవించుచు, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున మాత్రము లక్షలు వెచ్చించిననుగాని దొరకని సౌఖ్యమొకటి కలదు. అది నడుము వాల్చి నిద్రించుట. విమానపు ముందుభాగమున అమ్ముడగుచున్నది ప్రధానముగ ఇదియే. తక్కినవన్నియు దాని చుట్టును కట్టిన తోరణములు.

తొలిదినములలో విమానమున రాత్రి ప్రయాణమనునదే అరుదు. 1929 మార్చి 30వ తేదీన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండన్‌నుండి కరాచీకి సేవలు ప్రారంభించినప్పుడు ఆ యాత్రకు ఏడు దినములు పట్టుచుండెను. ప్రయాణికులు పగలు గాలిలోను, రాత్రి నేలపై విశ్రాంతిగృహములలోను గడపుచుండిరి. నడుమ స్విట్జర్లండులోని బాసెల్‌నుండి ఇటలీలోని జెనోవా వరకు రైలుబండి యెక్కవలసి వచ్చెడిది. విమానము నిదానముగ పోవుచుండిన ఆ కాలమున మానవదేహముయొక్క నియమములకు విమానమే లోబడి నడచెను. పది సంవత్సరముల అనంతరము, 1939లో, పాన్ అమెరికన్ సంస్థ సముద్రజలముపై వాలి, జలముపైనుండియే లేచు బోయింగ్ 314 విమానములను అట్లాంటిక్ మీదుగ నడపినప్పుడు, పగటివేళ డెబ్బదిమందికి పైగ కూర్చుండగల ఆ ఓడలలో రాత్రివేళ అందులో సగముమందికి మాత్రమే పడకలమర్చుటకు చోటుండెను. భోజనమునకు వేరుగ ఒక గది, బల్లలపై తెల్లని గుడ్డలు, తోకవైపున నవదంపతులకు ప్రత్యేకముగ ఒక కక్ష్య కూడ ఉండెను. యుద్ధానంతరము వచ్చిన స్ట్రాటోక్రూయిజరు విమానములలో రైలుబండి పైబెర్తులవలె మడతలు విప్పి దించు పడకలును, మెలికల మెట్లగుండ దిగి చేరదగిన అడుగంతస్తు విడిదిగదియు ఉండుట నాటి ప్రయాణికులు తమ జ్ఞాపకములలో ముచ్చటగ చెప్పుకొనిన విషయము.

మన దేశమునుండి ఐరోపాకు మన సొంత విమానము మొట్టమొదట బయలుదేరినదియు రాత్రియే. 1948 జూన్ 8వ తేదీ రాత్రి బొంబాయినుండి ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి కాన్‌స్టలేషన్ విమానము ‘మలబార్ ప్రిన్సెస్’ 35 మంది ప్రయాణికులతో లేచి, కైరో, జెనీవాల మీదుగ 10వ తేదీ ఉదయమునకు లండన్ చేరెను. సంస్థాపకులైన జె.ఆర్.డి. టాటాగారు స్వయముగ అందులో పయనించిరి. స్వాతంత్ర్యము వచ్చి సంవత్సరమైనను నిండని దేశము తన పేరుతో ఖండాంతరములకు విమానమును పంపుట ఎంతటి సాహసమో ఈనాటివారికి ఊహకందుట కష్టము.

ఇక్కడ చాలమందికి తెలియని విశేషమొకటి కలదు. అట్లాంటిక్ మార్గమున 1952 మే 1వ తేదీ వరకు తరగతుల భేదమే లేకుండెను. ఎక్కినవారందరును ఒకే రుసుము చెల్లించి, ఒకే విధమైన ఆదరణ పొందుచుండిరి; అంత రుసుము చెల్లింపగలవారే ఎక్కుచుండిరి గనుక వేరొక విభజన అవసరము కలుగలేదు. ఆ దినమున తక్కువ ధరకు ‘టూరిస్టు’ తరగతిని ప్రవేశపెట్టిన తరువాతనే అంతకుముందున్నది ‘ఫస్ట్ క్లాసు’ ఆయెను. సామాన్యులకు ద్వారము తెరచిన ఆ సంస్కరణ మంచిదే. దానివలననే నేడు గుంటూరునుండియు, కరీంనగరమునుండియు రైతుబిడ్డలు అమెరికాకు పోగలుగుచున్నారు. కాని ఆ సంస్కరణలోనే ఒక తెర కూడ పుట్టినది.

1958 అక్టోబరులో జెట్టు విమానములు అట్లాంటిక్‌ను దాటనారంభించెను: 4వ తేదీన బ్రిటిష్‌వారి కామెట్, 26వ తేదీన పాన్ అమెరికన్‌వారి బోయింగ్ 707. ప్రయాణకాలము ఒక్కసారిగ సగమునకు తగ్గుటతో, ఏడెనిమిది గంటలకు పడక యెందులకని సంస్థలు తలచి బెర్తులను ఊడదీసివేసినవి. అక్కడక్కడ కొన్ని ప్రయత్నములు జరిగినను, ఆ తరువాత మూడున్నర దశాబ్దములకు పైగ ఫస్ట్ క్లాసు ప్రయాణికుడు సైతము వెనుకకు వాలు వెడల్పైన కుర్చీలోనే రాత్రులు గడపెను. 1970 జనవరిలో సేవకు వచ్చిన బోయింగ్ 747 విమానపు మీదియంతస్తున పడకలకు మారుగ పానశాలలు వెలసినవి. 1971లో మన ఎయిరిండియావారి 747 విమానము ‘ఎంపరర్ అశోక’ వచ్చినప్పుడు దాని కిటికీల చుట్టును వెలుపలినుండి రాజస్థానపు ఝరోకాల ఆకారమున తోరణములు చిత్రింపబడినవి. చూపులకు అది నిజముగ గాలిలో తేలు రాజసౌధమే. ఐనను అందులోని మహారాజు కూర్చుండియే కునుకు తీయవలసి వచ్చెను.

సరిగా పరచుకొను పడక తిరిగి వచ్చినది 1990ల నడుమ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ ఫస్ట్ క్లాసులో పూర్తిగ సమతలమగు ఆసనమును ప్రవేశపెట్టినప్పుడు. ఇంతకాలము ఎందుకు పట్టినదని చదువరి అడుగవచ్చును. విమానములోని ఆసనము కేవలము కుర్చీ కాదు; అది ఒక రక్షణయంత్రము. ప్రమాదసమయమున విమానము హఠాత్తుగ ఆగినచో మనుష్యుని శరీరము తన బరువుకు 16 రెట్ల బలముతో ముందునకు విసరబడినను ఆ ఆసనము పట్టాలనుండి ఊడిరాక, పట్టీ తెగక నిలువవలెనని నిబంధన. మనుష్యాకారపు బొమ్మలను కూర్చుండబెట్టి, పట్టాలపై పరుగెత్తించి, గోడకు కొట్టినట్లుగ ఆపి దీనిని పరీక్షింతురు. అట్టి దృఢత్వముతోపాటు, మీట నొక్కినంతనే ఆసనము పడకగ విప్పుకొనవలెను, దిగునప్పుడు తిరిగి నిటారు కావలెను, విద్యుత్తు పోయినచో చేతితోనైన కదలవలెను. ఇవన్నియు వీలైనంత తక్కువ బరువులో కుదరవలెను. చుట్టును తలుపులుగల చిన్నగదిని కట్టినచో చిక్కు మరింత పెరుగును: విమానము లేచునప్పుడును దిగునప్పుడును ఆ తలుపులు తెరచి యుండవలెను, లోపల చిక్కుకొనినవాడు తలుపును తొలగించుకొని బయటపడుటకు మార్గముండవలెను. ఈ ప్రశ్నలన్నిటికి సమాధానము కనుగొనిన ఇంజనీర్లపై నాకు మిక్కిలి గౌరవము కలదు. మెత్తని పరుపును మెచ్చుకొనువారు దాని అడుగునగల ఉక్కు, అల్యూమినియముల కూర్పును తలచుకొనుట అరుదు.

ఆ పిమ్మట పోటీ వేగముగ సాగెను. 2003లో ఎమిరేట్స్ సంస్థ జారుతలుపులుగల గదులను ప్రవేశపెట్టినది. 2007 అక్టోబరు 25న సింగపూరు ఎయిర్‌లైన్స్‌వారి ఏ380 విమానము సిడ్నీకి తొలిసారి పోయినప్పుడు అందులో ఇద్దరు కలిసి పరుండదగిన జంటపడకలుండెను. 2014లో ఎతిహాద్ సంస్థ ఒకే ప్రయాణికునికో దంపతులకో కూర్చుండు గది, పడకగది, స్నానగది కల మూడు గదుల వాటికను అమర్చినది. వీనిలో మన తెలుగువారి ప్రయాణమార్గములకు సన్నిహితమైనది దుబాయివారైన ఎమిరేట్స్ సంస్థ ఏ380 గనుక దానినే కొంత దగ్గరనుండి చూతము.

ఈ విమానము రెండంతస్తులది. క్రింది యంతస్తున మూడు నాలుగు వందలమంది కూర్చుండుదురు. మీదియంతస్తున ముందుకొనయందు 14 గదులు మాత్రముండును. ప్రవేశించినంతనే పరిచారిక ఖర్జూరములను, ఏలకుల పరిమళము గుబాళించు అరబ్బీ కాఫీని చిన్న గిన్నెలో తెచ్చియిచ్చును. అతిథికి ఎడారివాసులు చేయు పూర్వాచారమది. విమానము లేచి, పట్టీల దీపము ఆరిన పిదప ప్రయాణికుడు తన కిచ్చిన రాత్రిదుస్తులను మార్చుకొనుటకు పోయి వచ్చునంతలో పరిచారిక ఆసనమును విప్పి, దానిపై వేరుగ ఒక పరుపు పరచి, అంచులు మడచి, దుప్పటి సవరించి, దిండు నిమిరి, పసిబిడ్డకు తల్లి పక్క పరచినట్లు సిద్ధము చేసి, దీపము తగ్గించి తలుపు మూసి పోవును. ఆ పడక పొడవు ఇంచుమించు రెండు మీటర్లు. క్రింద కూర్చున్నవానికి ముందుసీటునకు తన సీటునకు నడుమ దొరకు దూరము సాధారణముగ 31, 32 అంగుళములు, అనగా 80 సెంటీమీటర్లు. ఈ రెండు కొలతల నడుమ భేదమే రెండు టికెట్ల ధరలలోని భేదమునకు మూలము.

తెల్లవారుజామున స్నానము. ఆ గదులకు ముందు, విమానపు ముక్కునకు సమీపమున, రెండు స్నానశాలలు కలవు. నిద్రకు ముందే వేళ చెప్పి నిర్ణయించుకొనినచో పరిచారిక వచ్చి పిలుచును. కాలిక్రింద నేల వెచ్చగ నుండును. ఒక్కొక్కరికి ఐదు నిమిషముల వేడినీరు మాత్రమే ఇత్తురు. నీరెంత మిగిలినదో గోడపై దీపములు తెలుపుచుండును. నీటిని ఆపి సబ్బు రుద్దుకొని తిరిగి వదలుకొనవచ్చును గనుక ఐదు నిమిషములు తక్కువేమియు కావు. విమానము గాలిసుడులలో కుదుపులకు లోనైనచో కూర్చుండుటకు ఆసనము, ప్రాణవాయువునకు ముసుగు ఆ గదిలోనే కలవు. ఒకరు వెలుపలికి రాగానే ఈ పనికై నియుక్తులైనవారు తుడిచి, తువ్వాళ్ళు మార్చి, మరియొకరికి సిద్ధపరతురు. ప్రతి లీటరు నీరును ఒక కిలోగ్రాము బరువు. ఆ బరువును దుబాయినుండి గాలిలో మోసికొనిపోవుటకు అదనముగ ఇంధనము కావలెను. ఆ ఇంధనమును మోయుటకు మరికొంత ఇంధనము కావలెను. నాకు తెలిసినంతలో ఇంత ఖరీదైన ఐదు నిమిషముల స్నానము మరియొకచోట లేదు. ఐనను రాత్రియంతయు పయనించిన దేహమునకు స్నానమువలన కలుగు స్వస్థత ఎట్టిదో స్నానము చేయకుండ వంటయింట అడుగుపెట్టని మన యిండ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

భోజనమును గురించి కొంత వివరముగ చెప్పవలసి యున్నది, ఏలయన ఇందు ధనముకంటె ప్రకృతి బలీయమైనది. విమానములో మంట వెలిగించుటకు వీలులేదు. వంటలన్నియు నేలపై వంటశాలలలో ముందే వండి, వెనువెంటనే చల్లార్చి, శీతలముగ నిలువచేసి, విమానములోని వేడిగాలి పొయ్యిలలో తిరిగి వేడిచేయుదురు. ఫస్ట్ క్లాసు భోజనమును దీనికి మినహాయింపు కాదు. దానిని పింగాణీ పళ్ళెములో విడివిడిగ అమర్చి, కోరినవేళ తెచ్చియిత్తురు, అంతియే. జర్మనీలోని లుఫ్తాన్సా సంస్థ తన ప్రయాణికులు ఇండ్లలో అంతగా తాగని టమాటారసమును విమానములో బీరుతో సమానముగ ఎందుకు కోరుచున్నారో తెలిసికొనదలచి ఫ్రాన్‌హోఫర్ సంస్థవారి సహాయము కోరెను. వారు మ్యూనిక్‌కు సమీపమున హోల్జ్‌కిర్షెన్‌లో ఒక పెద్ద అల్పపీడన గొట్టములో నిజమైన ఏ310 విమానపు దేహభాగమును నిలిపి, అందు మనుష్యులను కూర్చుండబెట్టి, గాలిని పలుచన చేసి, తేమ తగ్గించి, యంత్రధ్వనిని వినిపించి రుచులను పరీక్షించిరి. ఉప్పును, తీపియు జిహ్వకు బాగుగ మందగించినవి. పులుపు, చేదు, మసాలాల కారము దాదాపు చెక్కుచెదరలేదు. ఫ్రెంచి పాకశాస్త్రవేత్తల సున్నితమైన వంటకములు గాలిలో చప్పబడుటకును, చింతపండు పులుసు, అల్లము, మిరియము తగిలిన మన వంటకములు అక్కడను తమ సారమును నిలుపుకొనుటకును కారణమిదియే. అందుచేత ముందు తరగతిలో కూర్చున్నను మన కూరనే కోరుకొనువానిని చూచి ఎవరును చిన్నచూపు చూడనక్కరలేదు. శాస్త్రము వాని పక్షముననే యున్నది.

ధనము కొనజాలనివి మరికొన్ని కలవు. విమానము లోపలి గాలిపీడనము 8,000 అడుగుల ఎత్తున ఉండు పీడనమునకు తగ్గరాదని నియమము. అనగా ప్రయాణికులందరును, ముందువారైనను వెనుకవారైనను, ఇంచుమించు ఊటీ కొండపై గడపినట్లే ఆ రాత్రి గడుపుదురు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి నూతన విమానములలో ఆ ఎత్తు 6,000 అడుగులకు తగ్గినది. అలసట తగ్గుటకు ఇది మేలు చేయును, ఈ మేలు చివరి వరుసవానికిని సమానమే. గాలిలోని తేమ సాధారణముగ నూటికి ఇరువదిపాళ్ళకు లోపుననే యుండును; పెదవులెండుట, ముక్కు దిబ్బడవేయుట అందరికి తప్పవు. ఖండములు దాటినప్పుడు దేహములోని గడియారము దినమునకు సుమారు ఒక గంట వంతున మాత్రమే సర్దుకొనును. దానికి టికెట్టు రంగు తెలియదు. కాళ్ళ సిరలలో నెత్తురు గడ్డకట్టు వ్యాధిని కొందరు ‘ఎకానమీ క్లాసు జబ్బు’ అని పిలుతురుగాని, ఆ పేరు తప్పుదారి పట్టించునది. 2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వెలువరించిన పరిశోధనాఫలితముల ప్రకారము నాలుగు గంటలకు మించి కదలక ప్రయాణించువారికి, విమానమైనను, బస్సైనను, రైలైనను, ఈ ప్రమాదము సుమారు రెట్టింపగును. మొత్తముమీద అది ఆరువేలమందిలో ఒకరికి కలుగునంత స్వల్పమైనదే, ఐనను నిర్లక్ష్యము చేయరాదు. గదిలో పడక దొరకినదని పదిగంటలు కదలక పరుండువాడును నడుమ లేచి నాలుగడుగులు వేయవలెను, పాదములాడింపవలెను, నీరు త్రాగవలెను.

కాని నిద్ర విషయమున మాత్రము ముందున్నవానికిని వెనుకనున్నవానికిని నడుమగల భేదము ఊహాజనితము కాదు. కూర్చుండి నిద్రించువారిపై జరిగిన పరిశోధనలు వీపు నిటారుగ ఉన్నకొలది నిద్ర తరచుగ చెదరుచుండునని స్పష్టముగ తెలిపినవి. తల ప్రక్కకు వాలినంతనే మెడ కండరములు మేలుకొలుపును, మోకాళ్ళు బిగిసికొనును, పాదములు వాచును. ఇరువదియేండ్ల విద్యార్థి దీనిని ఒక రాత్రి భరించి మరునాడు మరచిపోవును. డెబ్బదియేండ్ల దేహము మరచిపోదు.

ఇంత చోటును ఇంత తక్కువమందికి ఇచ్చుట వ్యాపారదృష్టితో ఎట్లు సాధ్యమని విచారించినచో, విమానమున నిజముగ అమ్మబడునది నేలవైశాల్యమే యని తెలియును. ఒక గది ఆక్రమించు స్థలములో ఎన్ని కుర్చీలు పట్టునో అన్నిటి ధరను ఆ ఒక్కరినుండి రాబట్టవలెను. అందరును ఆ ధరను తమ జేబునుండి చెల్లించుటలేదు. కొందరికి సంస్థలు చెల్లించును. కొందరు తరచు ప్రయాణములవలన కూడబెట్టిన మైళ్ళను మార్చుకొందురు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ఈ మైళ్ళ పద్ధతిని విస్తారముగ ప్రవేశపెట్టినది. ఆ సంవత్సరముననే అదే సంస్థ రెండున్నర లక్షల డాలర్లు ఒక్కసారి చెల్లించినవారికి జీవితాంతము ఫస్ట్ క్లాసులో ఎన్నిసార్లైనను పయనించు హక్కును అమ్మెను. కొందరు కొనుగోలుదారులు ఆ హక్కును ఎంతగా వినియోగించుకొనిరనగా సంస్థ నష్టపడి, చివరకు ఆ విక్రయమునే నిలిపివేసెను.

2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సమతలపడకను బిజినెస్ క్లాసునకు దించుటతో ఫస్ట్ క్లాసు పునాదియే కదలినది. పడక అక్కడనే దొరకుచుండగా మరికొన్ని లక్షలు ఎందులకని సంస్థల ఖజానాదారులు ప్రశ్నింపసాగిరి. క్రమముగ అనేక సంస్థలు తమ ఫస్ట్ క్లాసును ఎత్తివేసినవి. ఏ380 విమానముల నిర్మాణము కూడ 2021తో ముగిసినది. మిగిలిన కొద్ది సంస్థలు మాత్రము పోటీ తగ్గినకొలది వైభవమును పెంచుచున్నవి. 2017లో ఎమిరేట్స్ తన 777 విమానములలో ఆరు గదులను నేలనుండి కప్పు వరకు పూర్తిగ మూసి కట్టి, నడిమి గదులకు కిటికీలు లేకపోవుటచే వెలుపలి ఆకాశమును కెమెరాలద్వారా చూపు కృత్రిమ గవాక్షములను అమర్చినది.

ఈ వైభవముయొక్క భారము గగనమునకు కూడ కలదు. ఒక్కొక్క ప్రయాణికుడు ఆక్రమించు చోటును బట్టి లెక్కించినచో, ఫస్ట్ క్లాసు ప్రయాణికుని వంతునకు వచ్చు కర్బనవాయువు ఎకానమీ ప్రయాణికుని వంతునకు తొమ్మిది రెట్ల వరకు ఉండవచ్చునని ప్రపంచ బ్యాంకు 2013లో వెలువరించిన అధ్యయనము తెలిపెను. మనస్సులపైనను దీని ప్రభావము లేకపోలేదు. టొరంటో, హార్వర్డ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు 2016లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఫస్ట్ క్లాసుగల విమానములలో వెనుక తరగతివారు కోపావేశములకు లోనై ఘర్షణపడు సంభావ్యత సుమారు నాలుగు రెట్లుండెను. ముందుద్వారమున ఎక్కి ఆ విలాసముల నడుమనుండి నడచి తమ చోటునకు పోవలసివచ్చినప్పుడు అది ఇంకను పెరిగెను. ఈ లెక్కలపై వాదప్రతివాదములు ఉండవచ్చును. కాని పరుండినవారిని చూచుచు పోయి రాత్రియంతయు కూర్చుండవలసినవాని మనస్సును అర్థము చేసికొనుటకు నాకు లెక్కలతో పనిలేదు.

ఇట్టి ప్రయాణికులలో మనవారు ఎందరో కలరు. కుమార్తె పురుడో, కుమారుని గృహప్రవేశమో నిమిత్తముగ తెనాలినుండి, వరంగల్లునుండి బయలుదేరు వృద్ధదంపతులు కారులో శంషాబాదు చేరి, తెల్లవారుజామున విమానమెక్కి, నాలుగు గంటలలో దుబాయి చేరి, అక్కడ మూడు నాలుగు గంటలు కనిపెట్టుకొని, తిరిగి 16 గంటలు కూర్చుండి డాలస్ చేరుదురు. ఒక దినమునకు మించి వారి నడుము నేలకు తగలదు. బిజినెస్ క్లాసు టికెట్టు తీయుదునని కుమారుడు ఫోనులో చెప్పినంతనే తల్లి అడ్డుపడును: “నాకెందుకురా నాయనా అంత డబ్బు తగలెయ్యడం! ఒక్క రాత్రేగా, కూర్చునే వస్తాను.” “అది కాదమ్మా, నీ మోకాళ్ళు...” అని అతడనబోవును. “నా మోకాళ్ళకేం రాయిలా ఉన్నాయి. ఆ డబ్బు పిల్ల పేర వెయ్యి” అని ఆమె ముగించును. ఈ సంభాషణ జరుగని తెలుగు కుటుంబము అమెరికాలో నుండదు. తన సుఖముకొరకు ధనము వెచ్చించుట తప్పని జీవితమంతయు నమ్మిన ఆ తరమువారికి పడక యనునది విలాసముగనే తోచును. వారి నమ్మకమును నేను గౌరవింతును. కాని ఈ విషయమున వారి మాట వినరాదని నా నిశ్చితాభిప్రాయము.

సామాన్యుల తరగతిలో కూడ నడుము వాల్చుటకు వీలు కల్పింపవలెనని ప్రయత్నించినవారు లేకపోలేదు. ఎయిర్ న్యూజీలాండ్ సంస్థ 2011 నాటికే మూడు ఎకానమీ సీట్ల కాలిదన్నులను పైకెత్తి ఒక చిన్న పడకగ మార్చు ఏర్పాటు చేసినది. 2020లో అదే సంస్థ మూడేసి అంతరువులుగ పేర్చిన ఆరు పడకల ఏర్పాటును ప్రకటించినది. ఎకానమీ ప్రయాణికులు వానిని కొన్ని గంటలకు అద్దెకు తీసికొనునట్లు ఉద్దేశించినది. మన రైళ్ళలో మూడంతరువుల స్లీపరు బెర్తు సామాన్యునికి దశాబ్దములుగ అందుచుండగా, ఆకాశమున ఈ ఆలోచన ఇంత ఆలస్యముగ రావలసినది కాదు. షాంపేనునకు, కేవియరునకు ఎంత ధరనైనను పెట్టుకొనుడు, మాకు అభ్యంతరము లేదు. పదునాలుగు గంటల రాత్రిలో నాలుగు గంటలు పరుండు చోటు మాత్రము సామాన్యుడు భరింపదగిన ధరకు ఇండు అని మన దేశపు విమానసంస్థలను అడుగుటకు మనకు హక్కు కలదు.

అంతవరకు, ఉద్యోగప్రయాణములవలనను, బ్యాంకు కార్డులవలనను మైళ్ళు పోగుచేసికొనిన కుమారులకు, కుమార్తెలకు ఒక మనవి. ఆ మైళ్ళను మీ విహారయాత్రలకు మారుగ ముందు మీ తల్లిదండ్రుల రాత్రి ప్రయాణమునకు వినియోగింపుడు. మీ ఖాతాలోని మైళ్ళతో వారి పేర టికెట్టు తీయుటకు చాల సంస్థలు అనుమతించును. ఫస్ట్ క్లాసు అక్కరలేదు, బిజినెస్ క్లాసు చాలును. రెండు విమానములకును భరింపలేకపోయినచో నాలుగు గంటల దుబాయి ప్రయాణమును విడిచి, దీర్ఘమైన రెండవ ప్రయాణమునకైన పడకను తీయింపుడు. టికెట్టు తీయకముందు ఆ ఆసనము పూర్తిగ సమతలమగునా, లేక ఏటవాలుగ మాత్రమే వాలునా యని అడిగి తెలిసికొనుడు, ఏలయన పాత విమానములలో ఏటవాలు ఆసనములు ఇంకను కలవు. టికెట్టు ఖరీదు ఎంతయని అమ్మ అడిగినచో మైళ్ళతో వచ్చినదని చెప్పుడు.